అప్పన్నల్లో మా అప్పన్న ఎవరు?

మా వైపు సంతలో నిలబడి "ఒరే అప్పన్నా" అని ఒక్క కేక వేస్తే పదిమంది తిరిగి చూస్తారు. అంతా సింహాచలం స్వామి పుణ్యం. విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లో ఒక అప్పన్నో, అప్పలస్వామో, అప్పలనాయుడో, అప్పలనరసమ్మో లేని ఇల్లుంటే నాకు చూపించండి. మా తాత అన్నగారి పేరు కూడా అప్పన్నే. పెళ్ళి కాకుండానే ఊరొదిలి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఆయన పిల్లలు, మనవలు ఈ భూమ్మీద ఎక్కడైనా ఉన్నారా అని వెతకడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. ఈ నాలుగేళ్ళలో నేను చూసినంతమంది అప్పన్నల్ని ఆ సింహాద్రి అప్పన్న కూడా చూసి ఉండడు.

చిన్నప్పుడు నాన్నమ్మ చెప్పేది: "మీ పెదతాత రంగం పోయాడు." రంగం అంటే రంగూన్. మా ఊళ్ళో సముద్రం దాటినవాడు ఎవడైనా రంగం పోయినట్టే లెక్క. జపానువాళ్ళ బాంబులకు జడిసి 1942లో కొండలూ అడవులూ పడి రంగూన్ నుంచి నడిచొచ్చినవాళ్ళ కథలు ఊళ్ళో చాలా ఉండేవి. మా పెదతాత ఆ దారిలోనే ఎక్కడో పోయుంటాడని ఇంట్లో అందరూ సరిపెట్టుకున్నారు. నేనూ సరిపెట్టుకున్నాను. మండలాఫీసులో పనిచేసి రిటైరయ్యేదాకా ఆ సంగతి మళ్ళీ తలవలేదు.

పాత పెంకుటిల్లు విప్పేటప్పుడు భోషాణం అడుగున ఒక గుడ్డమూట దొరికింది. అందులో శిస్తు రసీదులు, ఒక జాతకం, 1926 నాటి పంపకాల దస్తావేజు ఉన్నాయి. దస్తావేజంతా గొలుసుకట్టు రాత. అక్షరానికి అక్షరం కొక్కెం తగిలించి, కలం ఎత్తకుండా రాసుకుపోయారు. ఇప్పటి పిల్లలకు అది అరబ్బీలా కనిపిస్తుంది. నేను పాత రికార్డులు చదివి బతికినవాణ్ణి కాబట్టి కూడబలుక్కుని చదివాను. రెండో పేజీలో ఈ వాక్యం ఉంది: "మాలో పెద్దవాడయిన అప్పన్న నేటాలు దేశమునందు యుండుటచేత అతని వంతు య 1-20 సెంట్లు మేమే అనుభవించుచు, అతడు తిరిగి వచ్చిన యెడల అభ్యంతరము లేక స్వాధీనము చేయువారము."

ఆ "నేటాలు" దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. ముందు "తాటాలు" అని చదివాను. ఒడిశా వైపు ఏదో ఊరనుకున్నాను. మూడో రోజు కాఫీ తాగుతుంటే తట్టింది, అది నేటాల్. దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న చోటు. రంగం కానే కాదు.

చెరకుతోటల కోసం 1860 నుంచి 1911 దాకా అక్కడికి కూలీలను ఓడల్లో తీసుకుపోయారు. మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. మొత్తం 1,52,184 మంది వెళ్ళారు. వాళ్ళలో దాదాపు మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచి ఓడెక్కినవాళ్ళే, అంటే మనవాళ్ళూ తమిళులూ. ఇంత లెక్క కచ్చితంగా తెలియడానికి కారణం, దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. ఆడ, మగ, చంకలో బిడ్డ, అందరికీ. ఆ నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు రాసుకున్నారు. ఆ ఓడల జాబితాలు ఇప్పుడు కంప్యూటర్లో వెతుక్కోవచ్చు. నాకు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికల్లా పని తేలిపోతుందనుకుని కూర్చున్నాను.

అప్పన్న అని కొట్టాను. పేజీ కిందికి లాగుతుంటే అప్పన్నలు వస్తూనే ఉన్నారు. పైగా ఒక్కో గుమాస్తా ఒక్కో స్పెల్లింగు రాశాడు. పీ ఒకటి, పీ రెండు, ఎన్ ఒకటి, ఎన్ రెండు, చివర హెచ్ ఉన్నవాడు, లేనివాడు, మొదట్లో ఏకి బదులు యూ పెట్టినవాడు. అప్పలసామి అని రాసినవాళ్ళలో కొందరు ఇంట్లో అప్పన్నలే అయుంటారు. తండ్రి పేరుతో తగ్గిద్దామంటే మా ముత్తాత పేరు రామన్న. ఊరితో తగ్గిద్దామా అంటే మా ఊరి పేరు చివర వలస ఉంది. ఉత్తరాంధ్రలో ఎన్ని వలసలో! కొత్తవలసలే ఎన్నో లెక్క తెలీదు. దాన్ని ఆ మద్రాసు గుమాస్తా కోటవల్స అంటాడు, కొతబల్సీ అంటాడు.

మనకు మనిషి ఆనవాలంటే ఇంటిపేరు. ఊళ్ళో ఇద్దరు అప్పన్నలుంటే ఇంటిపేరుతోనే విడదీస్తాం. ఆ ఇంటిపేరే ఓడెక్కలేదు. జాబితాలో దానికి గడే లేదు. గుమాస్తా అడగలేదు, వీళ్ళు చెప్పలేదు. మొత్తం వెతుకులాటలో నన్ను ఏడిపించింది ఈ ఒక్క సంగతే.

సరే, ఉన్నదాంతోనే తగ్గించుకుంటూ వచ్చాను. పెదతాత వెళ్ళేనాటికి మా తాత పశువులు కాసే పిల్లాడని నాన్నమ్మ చెప్పిన గుర్తు. తాత 1895 ప్రాంతంలో పుట్టాడు. 1911 జూలై నుంచి నేటాలుకు కూలీల్ని పంపడం మన ప్రభుత్వం ఆపేసింది. కాబట్టి 1903కీ 1911కీ మధ్య దిగిన, తండ్రి రామన్న అయిన, విశాఖ జిల్లా అప్పన్నలు కావాలి. ముగ్గురు మిగిలారు. కానీ ఆ ముగ్గురిలో ఎవరి ఊరూ మా ఊరిలా కనిపించలేదు.

ఇక్కడ తెలివి ఎక్కువై దారి తప్పాను. చాలామందికి తెలియని సంగతొకటి ఉంది. అప్పట్లో శ్రీకాకుళం విశాఖ జిల్లాలో లేదు. చికాకోల్ తాలూకా అని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా ఏర్పడ్డప్పుడు గానీ ఇటు రాలేదు. గంజాం అనగానే ఒడియావాళ్ళనుకుని వదిలేసిన వరసలన్నీ మళ్ళీ తిరగేశాను. అందులో రామన్న కొడుకు అప్పన్న ఒకడు దొరికాడు. మా తాలూకా చీపురుపల్లి. అది గంజాంలో ఎప్పుడూ లేదు. ఆ మాట ఆ రోజు నా బుర్రకెక్కితే మూడు నెలలు మిగిలేవి. ఎక్కలేదు. దొరికాడన్న సంబరంలో సంవత్సరం గడి కూడా సరిగ్గా చూడలేదు.

ఆ అప్పన్న వారసులు సులువుగా దొరికారు, ఎందుకంటే వాళ్ళు ఆ పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నారు. డర్బన్ దగ్గర ఫీనిక్స్‌లో ఉంటారు. చాలా మంచి మనుషులు. ఫోన్లో మాట్లాడుకున్నాం, ఫోటోలు పంపుకున్నాం. మా అక్క ఆ ఇంటి పెద్దాయన ఫోటో చూసి "అచ్చం మన నాన్న ముక్కేరా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాళ్ళ కోడలు నన్ను అన్నయ్య అనడం నేర్చుకుంది. మూడు నెలలయ్యాక, వాళ్ళబ్బాయి ఓసీఐ కార్డు (విదేశాల్లో ఉన్న భారత సంతతివాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) కోసం ఆర్కైవ్స్ నుంచి తెచ్చుకున్న ఓడ జాబితా నకలు పంపించాడు. అక్కడివాళ్ళు తమ పూర్వీకుడు ఇండియావాడని చూపించడానికి దాన్నే జతచేస్తారు. దిగిన సంవత్సరం 1890, వయసు 28, వెంట భార్య, ఒక బిడ్డ. మా తాతకు అన్నయ్య అంటే అన్నదమ్ముల మధ్య ముప్పై మూడేళ్ళ తేడా ఉండాలి. ముక్కు అందరికీ ఉంటుంది.

ఆ మాట వాళ్ళకు చెప్పడానికి వారం రోజులు పట్టింది నాకు. మొదటి రోజే "మీ పెద్దాయన నంబరెంత?" అని అడిగుంటే ఇంత దాకా వచ్చేది కాదు. ఆ తర్వాత ఎవరితో మాట్లాడినా నమస్కారం తర్వాత నా మొదటి ప్రశ్న నంబరే. వినేవాళ్ళకు మొరటుగా అనిపించినా నేను మానలేదు.

ఈలోగా ఇంట్లో ఇంకో గొడవ. మా చిన్నాన్నకు ఎనభై దాటాయి. మా తాత కొడుకుల్లో మిగిలింది ఆయనొక్కడే. పాత సంగతులేమైనా చెబుతాడేమోనని వెళితే నోరు విప్పడు. ఒకరోజు గట్టిగా అడిగితే బయటపడ్డాడు.

"ఒగ్గీరా నాయినా. ఎకరా ఇరవై సెంట్లు ఎవుళికిస్తావు? ఆల్లొచ్చి మా వాటా ఏదంటే ఏటి సేస్తావు?"

"అంత దూరం నుంచి ఎవరొస్తారు చిన్నాన్నా?"

"రాకపోతే ఎందుకు ఎతుకుతన్నావు మరి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయనింకా ఆగలేదు. "మగపిల్లలే కాదు, ఆడపిల్లలకీ హక్కుందని ఎన్టీఆరు సట్టం సేసీసినాడు" అన్నాడు. 1985కి ముందే పెళ్ళయిపోయిన ఆడపిల్లలకు ఆ చట్టం వర్తించదని, ఇన్నేళ్ళుగా భూమి మన అనుభవంలోనే ఉంది కాబట్టి దావా వేసినా నెగ్గడం కష్టమని రెవెన్యూ భాషలో చెప్పి చూశాను. నమ్మినట్టు కనిపించలేదు.

కానీ చిన్నాన్న ఇంటి అరుగు మీదే అసలు తాళం చెవి దొరికింది. నేను అరుస్తున్నది విని పక్కింటి ముసలమ్మ వచ్చి కూర్చుంది. "మీ పెద్దోడు, మా మాంగారి అన్న కలిసే పోయారంట కదా. మద్రాసు దాకా రైలెక్కి పోయారంట" అంది. ఆయన పేరేంటమ్మా అన్నాను. "గుంపస్వామి" అంది.

ఎగిరి గంతేసినంత పని చేశాను. గుంపస్వామి అంటే కొమరాడ దగ్గర నాగావళి ఒడ్డున ఉన్న గుంప సోమేశ్వరుడి పేరు. ఈ చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఆ పేరు పెట్టరు. ఇంటికొచ్చి జాబితా తెరిచాను. జీ, యూ, ఎమ్ దాకా కొట్టి, ఆ తర్వాత ఏ అక్షరాలున్నా రమ్మని నక్షత్రం గుర్తు (*) పెట్టి వదిలేశాను. "గంపసామి", ఒకే ఒక్కడు. 1907, విశాఖ జిల్లా, చీపురుపల్లి తాలూకాను "చిపరపిల్లీ" అన్నారు. ఊరి పేరు చూస్తే పూర్తిగా వేరే ఊరేమో అన్నట్టుంది, కానీ తెలిసి చదివితే మాదే. ఓడలో నంబర్లు వరసగా ఇచ్చారు కదా, కలిసొచ్చినవాళ్ళు జాబితాలోనూ పక్కపక్కనే ఉంటారు. గంపసామికి ముందు నంబరువాడు అప్పన్న. తండ్రి పేరు రామన్న కాదు, "రామయ". నేను రామన్న అని మాత్రమే వెతికాను కాబట్టి ఇన్నాళ్ళూ నా కళ్ళముందే ఉండి దొరకలేదు. వయసు 22. ఎడమ కాలి పిక్క మీద మచ్చ.

ఆ మచ్చ గురించి ఇంట్లో ఎవరికీ తెలీదు. నాకు మాత్రం ఆ ఒక్క గడి చూశాకే ఆయన మనిషిలా కనిపించాడు. అప్పటిదాకా ఆయనొక స్పెల్లింగు.

మనిషి దొరికాడు. వారసులు దొరకాలంటే అది ఇంకో పని. ఒప్పందం అయిదేళ్ళు. జీతం మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఏటా ఒక్కో షిల్లింగు పెంచి అయిదో ఏడు పద్నాలుగు. 1912లో ఒప్పందం తీరేనాటికి ఆయన ముందున్నది మూడు పౌన్ల పన్ను. ఒప్పందం అయ్యాక తిరిగి పోకుండా, మళ్ళీ కూలికి రాసివ్వకుండా ఉండిపోయినవాళ్ళ మీద ఏటా వేసే పన్ను అది. లెక్క వేస్తే ఆయన నాలుగు నెలల పైచిలుకు జీతం. పదమూడు దాటిన ఆడపిల్లకు, పదహారు దాటిన మగపిల్లాడికి కూడా కట్టాలి. దీని మీదే 1913లో గాంధీ సమ్మె నడిపింది, 1914లో అది రద్దయింది. పెదతాత ఎందుకు రాలేదో, డబ్బులెందుకు పంపలేదో అని ఇంట్లో నూరేళ్ళుగా ఉన్న నిష్ఠూరం ఈ లెక్క చూశాక నాకు తగ్గింది.

ఓడల్లో నూరుగురు మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళుండాలని నిబంధన. అంటే చాలామందికి పెళ్ళే కాలేదు. మా పెదతాతకు అయింది. భార్య పేరు అప్పమ్మ. దేవుడికి నా మీద ఏదో కక్ష ఉంది.

పిల్లల్ని వెతకడంలో ఇంకో చిక్కుముడి. మన ఇంటిపేరు పోయింది కదా, అక్కడ తండ్రి పేరే బిడ్డకు ఇంటిపేరయ్యేది. అప్పన్న కొడుకు రామన్న అయితే వాడు రామన్న అప్పన్న. వాడి కొడుకు సూరి అయితే సూరి రామన్న. తరానికో ఇంటిపేరు. ఎక్కడో ఒకచోట, బడిలోనో ఉద్యోగంలోనో, ఒకటి గడ్డకట్టి ఆగిపోయింది. ఒక్కో అన్నదమ్ముడికి ఒక్కో చోట ఆగింది. కొందరు నాయుడు అని తగిలించుకుని ఆ సముద్రంలో కలిసిపోయారు. అక్కడ నాయుడు అని వెతకడమంటే ఇక్కడ అప్పన్న అని వెతకడమే. కొడుకుల దారి ఆరు నెలలు వెతికి వదిలేశాను.

ఆడపిల్లల దారి పట్టాను. నేటాల్ పాత పెళ్ళి రిజిస్టర్లు, చావు కాగితాలు చాలావరకు ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్లో ఉచితంగా చూడొచ్చు. అన్నీ పేర్లతో వెతకడానికి రావు. చాలావాటికి పేజీలు ఒక్కొక్కటే తిప్పాలి. రాత్రి భోజనం అయ్యాక రెండు గంటలు తిప్పేవాణ్ణి. మా ఆవిడ "ఎవరి పెళ్ళో మీకెందుకండీ" అనేది. 1931 పెళ్ళిళ్ళలో ఒక రాత్రి, పెళ్ళికూతురు పేరు దగ్గర "పిడితల్లీ" అని ఉంది. రాసిన తెల్లవాడికి అది ఏం అర్థమైందో గానీ నాకు నిద్ర ఎగిరిపోయింది. పైడితల్లి! విజయనగరం అమ్మవారు. మా ఊళ్ళో వీధికి ఇద్దరు పైడితల్లులు. అక్కడ నేను తిప్పిన వందల పేజీల్లో ఈమె ఒక్కతే. తండ్రి అప్పన్న. పక్కన ఆరంకెల నంబరు. జాబితాలోని నంబరుతో ఒక్కో అంకె సరిపోల్చుకున్నాను, వేలు పెట్టి, పైకి చదువుతూ.

ఆ తర్వాత పని తొందరగానే అయింది. ఆమె భర్త 1951లో చనిపోయాడు. దక్షిణాఫ్రికా మరణ ప్రకటన ఫారం మన మరణ ధ్రువపత్రంలా నాలుగు ముక్కల్లో ఉండదు. చనిపోయినవాడి తల్లిదండ్రులు, భార్య, పిల్లలందరి పేర్లూ అందులో ఉంటాయి. వారసుల కూపీ తీసేవాడికి అంతకన్నా మంచి కాగితం లేదు. అయిదుగురు పిల్లలు. చిరునామా మేగజీన్ బారక్స్, అంటే డర్బన్ మునిసిపాలిటీ కూలీల లైన్లు. తెల్లవాళ్ళ ప్రాంతం, ఇండియన్ల ప్రాంతం అని విడదీసిన 1950 చట్టం తర్వాత అక్కడివాళ్ళను ఖాళీ చేయించి చాట్స్‌వర్త్‌లో పడేశారు. కాబట్టి చాట్స్‌వర్త్‌లో అడిగించాను. డర్బన్‌లో పరిచయమైన ఒక తెలుగు పెద్దాయన రెండు గుళ్ళలో, ఒక చావు ఇంట్లో వాకబు చేశారు. చావు ఇంట్లో దొరికింది. ఆ అయిదుగురిలో ఒకామె ఉంది, ఎనభై ఆరేళ్ళు.

ఇటు అమెరికాలో ఉన్న మా అన్న కొడుకు, అటు ఆ పెద్దావిడ కూతురు డీఎన్‌ఏ పరీక్ష కూడా చేయించుకున్నారు. కలిసింది. కానీ నేను దానికి పెద్ద విలువ ఇవ్వను. మేనమామ కూతురు, మేనత్త కొడుకు, అక్క కూతురు అంటూ తరతరాలుగా మనలో మనమే చేసుకున్న పెళ్ళిళ్ళకు, దూరపు చుట్టం కూడా దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. నంబరు కలవకుండా ఇదొక్కటే కలిసుంటే మళ్ళీ ముక్కు కథే.

వీడియోలో మాట్లాడే రోజు వాళ్ళకు పొద్దున్న పది, మాకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. చిన్నాన్నను కూడా కూర్చోబెట్టాను. వరసలు ఆయనే లెక్కగట్టాడు. పైడితల్లి మా నాన్నకు అక్క వరస, నాకు మేనత్త. కాబట్టి ఈమె నాకు వదిన. "మరి నాకు మేనకోడలా? నాకన్నా పెద్దది మేనకోడలేట్రా?" అని చిన్నాన్న కాసేపు తికమకపడ్డాడు.

వదినకు తెలుగు రాదు. ఇంగ్లీషులో మాట్లాడింది, వాళ్ళమ్మాయి పక్కన కూర్చుని ఆమెకు మా మాట అందించింది. తాతను చూసిన గుర్తు లేదంది. అమ్మ గురించి చాలా చెప్పింది. చివర్లో ఒక మాట అడిగింది. అల్లరి చేస్తే వాళ్ళమ్మ ఒక తిట్టు తిట్టేదట, దాని అర్థం ఎవరినడిగినా చెప్పలేదట. పక్కింటి తమిళావిడకు తెలీదు, గుళ్ళో తెలుగు పంతులుగారికీ తెలీదు. "గుంటా, గుంటడా" అనేదట.

మా ఊళ్ళో గుంట అంటే ఆడపిల్ల, గుంటడంటే మగపిల్లాడు. అంతే. తిట్టు కాదు. ఆ మాట చెప్పాను. ఆమె కూతురివైపు తిరిగి "చిన్నపిల్ల అనట" అని రెండుసార్లు అంది.

ఫోను పెట్టేశాక చిన్నాన్న అడిగాడు: "ఏటంట? వాటా అడిగిందా?"

"లేదు చిన్నాన్నా. గుంట అంటే ఏటని అడిగింది. దస్తావేజు నకలు మాత్రం పంపమంది, వాళ్ళ తాత పేరు చూసుకుంటుందట."

"ఆ ఎకరా ఇరవై సెంట్లు అందులో కనపడతాదా?"

"కనపడుతుంది. కానీ అంతా గొలుసుకట్టు, అక్కడ చదివేవాడే లేడు."

ఆయన కాసేపు ఆలోచించాడు.

"అలాగైతే పంపీ."